షుగర్ మీద వచ్చే పరిశోధన పేపర్లు ఇంట్లో కూర్చుని ఎలా చదువుకోవాలి

మా నాన్నకి 66 ఏళ్లు. పోర్టులో చేసి రిటైరయ్యారు, మనిషి బక్కపల్చన, షుగర్ వచ్చి 13 ఏళ్లయింది. కిందటేడాది ఎవరో వాట్సాప్‌లో ఒక వార్త పంపారు. ఇంగ్లండు డాక్టర్లు పరిశోధన చేశారట, మాత్రలన్నీ ఆపేశారట, అయినా నూటికి 46 మందికి షుగర్ పోయిందట, పెద్ద జర్నల్లో వచ్చిందట. నాన్న మాకెవరికీ చెప్పకుండా మాత్రలు మానేసి అన్నం ఒక గరిటె తగ్గించారు. మూడు వారాలు తిరిగేసరికి రాత్రి నాలుగైదుసార్లు లేవడం, నాలుక పిడచకట్టుకుపోవడం, బట్టలు వదులైపోవడం. పరీక్ష చేయిస్తే తిన్నాక 400 దాటింది. ఆ రోజు మా అందరికీ ఎంత టెన్షనో మాటల్లో చెప్పలేను. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ ఫార్వర్డ్ చదివి, తిట్టకుండా ఒకే ఒక్క మాట అడిగారు: "పేపరు నిజమైనదేనండీ. అందులో మీలాంటివాళ్లు ఉన్నారో లేదో చూశారా?"

చూడలేదు. అసలు పేపరే చూడలేదు. నేను డాక్టర్ని కాను, లెక్కల టీచర్ని. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అప్పట్నుంచీ సాయంత్రాలు కూర్చుని చదవడం నేర్చుకున్నాను. మన విశాఖలో ఏ వీధిలో చూసినా షుగరో థైరాయిడో లేని ఇల్లు అరుదు. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ల మాటల్లో సగం ఇవే. అందుకే నాకు తెలిసిన పద్ధతి రాస్తున్నాను. మాత్రలు మార్చుకోవడానికి కాదు, డాక్టర్ని సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తుంది.

ముందు అసలు పేపరు వెతకండి. ఫార్వర్డ్‌లో డాక్టరు పేరు, జర్నల్ పేరు, సంవత్సరం, వీటిలో ఒక్కటైనా ఉంటుంది. ఏదీ లేకపోతే అది అక్కడితో వదిలేయండి, టైమ్ దండగ. పేరుంటే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లోకి వెళ్లండి, అది అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపేది, పైసా కట్టక్కర్లేదు. ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు తర్వాత, ఆ పక్కన జబ్బు పేరు ఇంగ్లిషులో కొట్టండి. మన పేర్లతో ఒక చిక్కుంది, రావు అనో రెడ్డి అనో కొడితే వేలకు వేలు వచ్చిపడతాయి, అందులో ఎముకల డాక్టరూ ఉంటారు, పశువుల డాక్టరూ ఉంటారు. అందుకని ఊరు పేరో ఆస్పత్రి పేరో కూడా జోడించండి. చాలామంది పరిశోధకులకు ఆర్కిడ్ అని 16 అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది, అది దొరికితే ఆ మనిషి రాసినవి ఏవో, అదే పేరున్న వేరేవాళ్లవి ఏవో తేలిపోతుంది.

పేపరు మొత్తం ఉచితంగా ఉంటే పేజీ పక్కనే ఫ్రీ అని కనిపిస్తుంది. లేకపోతే డబ్బు కట్టకండి. పేపరు మీద ఒక రచయిత ఈమెయిల్ ఉంటుంది, "మా నాన్నగారికి షుగర్, మీ పేపరు చదవాలనుంది" అని రెండు ముక్కలు రాయండి. నేను రాసినవాళ్లలో ఎక్కువమంది పంపించారు.

పేపరు చేతికొచ్చాక అందరూ చేసే పొరపాటు పైనున్న సారాంశం చదివి, కిందికెళ్లి ముగింపు చదివి, మూసేయడం. ఆ రెండూ రచయిత మనకి చెప్పదలచుకున్నవి. మనకి కావలసింది మధ్యలో ఉంటుంది. మెథడ్స్ అనే భాగంలో ఎవర్ని తీసుకున్నారో, ఎవర్ని వద్దన్నారో రాస్తారు. ఆ తర్వాత దాదాపు ప్రతి పేపర్లోనూ మొదటి పట్టికలో వాళ్ల సగటు వయసు, బరువు, షుగర్ వచ్చి ఎన్నేళ్లయిందీ, ఏ మందులు వాడుతున్నారూ అన్నీ ఉంటాయి. నేనైతే అక్కడే మొదలుపెడతాను. ఇంగ్లిషు కష్టంగా ఉన్నా పర్వాలేదు, అవి అంకెలే కదా.

నాన్న నమ్మిన పేపరే తీసుకుందాం. దాని పేరు డైరెక్ట్, మైఖేల్ లీన్, రాయ్ టేలర్ అనే ఇద్దరి ఆధ్వర్యంలో జరిగింది, లాన్సెట్ అనే బ్రిటన్ వైద్య జర్నల్లో 2018లో వచ్చింది. 149 మంది చొప్పున రెండు జట్లు. మొదటి జట్టులో 68 మందికి ఏడాదికల్లా మందుల్లేకుండానే షుగర్ జబ్బు హద్దు కిందికి దిగింది, మామూలు వైద్యం సాగిన జట్టులో 6 మందికే. అంటే 46 శాతం అన్న మాట అబద్ధం కాదు. ఇప్పుడు ఎవర్ని తీసుకున్నారో చూడండి. వయసు 20 నుంచి 65. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటకూడదు. ఇన్సులిన్ వాడకూడదు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 27 నుంచి 45 మధ్య ఉండాలి. నాన్నది 21. వయసు దాటింది, ఏళ్లు దాటాయి, బరువు ఎప్పుడూ లేదు. ఆ 298 మందిలో మా నాన్నలాంటి మనిషి ఒక్కరు కూడా లేరు, ఉండే వీలు కూడా లేదు.

ఇంకొకటి. మాత్రలు మొదటి రోజే ఆపిన మాట నిజం, కానీ ఆ రోజు నుంచే అన్నం కూడు అన్నీ మానిపించి, రోజుకి 825 నుంచి 853 కేలరీల పొడి కలిపిన పానీయాల మీద మూడు నుంచి అయిదు నెలలు ఉంచారు, నర్సులో డైటీషియన్లో వెంట ఉండి చూసుకున్నారు. ఫార్వర్డ్ రాసినవాళ్లు మాత్రలు ఆపడం ఒక్కటే మోసుకొచ్చారు, తిండి సంగతి అక్కడే వదిలేశారు. రెండో ఏడాదికి ఆ 46 శాతం 36కి దిగిందన్నది కూడా రాలేదు.

ఇక్కడ ఆగిపోతే మళ్లీ తప్పు చేసినట్టే. ఒక పరిశోధకుడి ఒక్క పేపరు చదివి తీర్పు చెప్పకూడదు, ఆ మనిషి తర్వాత ఏం రాశారో చూడాలి. టేలర్ బృందమే 2023లో బీఎంఐ 27 లోపున్నవాళ్ల మీద ఇంకో పేపరు వేసింది. లావుగా లేనివాళ్లలో కూడా బరువు తగ్గాక 20 మందిలో 14 మందికి షుగర్ వెనక్కి వెళ్లింది. చదవగానే నాన్న కళ్లు మెరిశాయి. కానీ 20 మందే, వాళ్లకీ షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లు కాలేదు. ఆశ పెట్టుకోవచ్చు, మాత్ర మానడానికి మాత్రం చాలదు.

పేపర్లని సంవత్సరాల వరసలో చదివితే ఎంత లాభమో చెప్పడానికి నాకు బాగా నచ్చిన మనిషి పుణె కేఈఎం ఆస్పత్రిలో పనిచేసిన చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు. "ఇంత సన్నగా ఉన్న నాకు షుగర్ ఎందుకొచ్చింది" అని నాన్న 13 ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నకి ఆయన పేపర్లలోనే జవాబు దొరికింది. 2004లో లాన్సెట్‌లో ఒక్క పేజీ వేశారు, అందులో ఇద్దరి ఫొటో ఉంటుంది. ఒకరు యాజ్ఞిక్, పక్కన ఆయన స్నేహితుడు లండన్ డాక్టరు జాన్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. తూకం ఒకటే, లోపలి సరుకు వేరు. మనవాళ్లలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ. అందుకే మన దేశంలో మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడమంటారు. టేపు తెచ్చి నాన్న నడుము కొలిస్తే 94 వచ్చింది. బక్కపల్చన అని మేం అనుకున్న మనిషికి!

దానికి ముందు ఏడాది, 2003లో, అదే బృందం పసిపిల్లల మీద పేపరు వేసింది. పుణె దగ్గర ఆరు పల్లెల్లో 1993 నుంచి గర్భిణుల్ని, పుట్టిన పిల్లల్ని వెంబడిస్తూ వచ్చారు. అక్కడి బిడ్డ సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డ 3.5 కిలోలు. మన బిడ్డలో కండా తక్కువే, పొట్టలోని అవయవాలూ చిన్నవే, కానీ చర్మం కింద కొవ్వు మాత్రం అంత తగ్గలేదు. అంటే ఫొటోలో పెద్దవాళ్లలో కనిపించిన తేడా పుట్టుకతోనే మొదలవుతోంది. ఆ తర్వాత 2008లో అదే పిల్లలు ఆరేళ్లవాళ్లయ్యాక ఇంకో పేపరు. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి బీ12 విటమిన్ తక్కువగా ఉండి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్రతో అందే విటమిన్) ఎక్కువగా ఉంటే, ఆ పిల్లల్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది.

ఈ మూడూ విడివిడిగా చదివితే మూడు వింతలు. వరసగా చదివితే ఒక మనిషి ఒక ప్రశ్న వెనక ఏళ్ల తరబడి నడిచిన దారి. ఆ దారిలో చివరి మెట్టు దగ్గర మీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2008 పేపర్లో ఎవరికీ మందిచ్చి చూడలేదు, జరిగినది జరిగినట్టు గమనించారంతే. రెండు విషయాలు కలిసి కనిపించాయంటే ఒకటి రెండోదానికి కారణమని తేలినట్టు కాదు. మా పిన్ని కూతురు కడుపుతో ఉన్నప్పుడు ఈ సంగతి విని ఫోలిక్ యాసిడ్ మాత్ర మానేస్తానంది. దయచేసి ఆ పని చేయకండి, అది బిడ్డ వెన్నెముక లోపాలు రాకుండా కాపాడే మాత్ర. అడగాల్సిన ప్రశ్న "నా బీ12 ఒకసారి చూద్దామా డాక్టర్" అని.

అందుకే పేపరు ఏ రకమో ముందే చూసుకోవాలి. ఒక్క రోగి కథ రాస్తే అది కేస్ రిపోర్టు. జనాన్ని గమనిస్తే పరిశీలన. చీటీలు తీసినట్టు జనాన్ని రెండు జట్లుగా విడగొట్టి ఒక జట్టుకి మందిచ్చి ఇంకో జట్టుకి ఇవ్వకపోతే దాన్ని రాండమైజ్డ్ ట్రయల్ అంటారు, మందు పనిచేస్తుందా లేదా అన్నదానికి దాని మాటే గట్టిది. పోల్చడానికి రెండో జట్టే లేకుండా "మా చూర్ణం వాడకముందు 280, వాడాక 190" అని వేసే పేపర్లు బోలెడు. షుగర్ బాగా పెరిగినప్పుడే కదా ఎవరైనా కొత్త మందు దగ్గరికి వెళ్లేది, ఆ భయంతో తీపి మానేస్తారు, నడక మొదలుపెడతారు, ఏ చూర్ణమూ లేకపోయినా ఆ అంకె కొంత దిగుతుంది. చోడి (రాగి) అంబలి మీద మాటలూ అంతే. దేనితో పోల్చారు, తెల్లన్నంతోనా, పప్పు కూరలతోనా, ఎంత తాగారు? చోళ్లు మంచివే, మా ఇంట్లో వారానికి మూడు రోజులు అదే. కానీ మెత్తటి పిండి జావ కాచి పెద్ద గ్లాసుడు తాగితే షుగర్ పెరగదనుకోవద్దు, తాగిన రెండు గంటలకి మీటరుతో మీరే చూసుకోండి.

ఇప్పుడు నా సొంత సబ్జెక్టు, శాతాలు. ఇక్కడే అందరూ మోసపోతారు. షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్ల మీద అమెరికాలో 3,234 మందితో పెద్ద ట్రయల్ జరిగింది, 2002లో వచ్చింది. వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గడం, దాంతో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. 2006లో చెన్నైకి చెందిన ఎ. రామచంద్రన్ గారి బృందం మనవాళ్లు 531 మంది మీద ఇలాంటిదే చేస్తే తగ్గింది 28.5 శాతమే. చూడగానే ఏమనిపిస్తుంది? మన ఒళ్లు ఇంతే, నడిచినా లాభం సగమే అని. అలా నీరసపడిపోయినవాళ్లని చూశాను.

అసలు అంకెలు చూడండి. అమెరికాలో మామూలు సలహాతో సరిపెట్టిన జట్టులో మూడేళ్లకి 100 మందిలో 29 మందికి షుగర్ వచ్చింది, నడిచిన జట్టులో 14 మందికి. తప్పించుకున్నది దాదాపు 15 మంది. మన దగ్గర మామూలు సలహాతో సరిపెట్టిన జట్టులో 100కి 55 మందికి వచ్చింది, నడక తిండి మార్చుకున్న జట్టులో 39 మందికి. తప్పించుకున్నది 16 మంది. ఆ దేశంలోనైనా ఈ దేశంలోనైనా ఏడుగురు పద్ధతి మార్చుకుంటే మూడేళ్లలో ఒకరు బయటపడుతున్నారు. మనకి ముప్పు ఎక్కువ కాబట్టి శాతం చిన్నదిగా కనిపించిందే తప్ప లాభం తగ్గలేదు. కాబట్టి "ఇంత శాతం తగ్గింది" అని కనిపించిన ప్రతిసారీ "వందమందిలో ఎంతమందికి, ఎన్నేళ్లలో" అని పేపర్లో వెతకండి. ఈ ఒక్క అలవాటు వస్తే ఈ వ్యాసం చదివిన శ్రమ ఊరికే పోదు.

ఏం కొలిచారన్నది కూడా చూడాలి. షుగర్ అంకె తగ్గడం వేరు, గుండెపోటు, చూపు, కిడ్నీ, ప్రాణం వేరు. మా పెదనాన్నగారు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అంకెని 6 లోపుకి తెచ్చి తీరాలని పట్టుదలతో ఉండేవారు, రెండుసార్లు షుగర్ పడిపోయి చెమటలు పట్టి కూలబడ్డారు. 2008లో వచ్చిన అకార్డ్ అనే ట్రయల్ ఆయనకి చూపించాను. 10,251 మంది, సగటు వయసు 62, ఏళ్ల తరబడి షుగర్ ఉండి గుండె జబ్బు ఉన్నవాళ్లు, లేదా దాని ముప్పు ఉన్నవాళ్లు. ఒక జట్టుకి 6 లోపు తేవాలని గట్టిగా మందులిచ్చారు, ఇంకో జట్టుని 7, 8 మధ్య ఉంచారు. గట్టిగా తగ్గించిన జట్టులో 257 మంది, రెండో జట్టులో 203 మంది చనిపోయారు. ఆ గట్టి వైద్యాన్ని ముందే ఆపేయాల్సి వచ్చింది. దీన్ని పట్టుకుని షుగర్ ఎలా ఉన్నా పర్లేదు అనుకుంటే అదీ తప్పే. 1998లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో షుగర్ కొత్తగా బయటపడిన 3,867 మందిని పదేళ్లు చూస్తే, 7.9కి బదులు 7 దగ్గర ఉంచినవాళ్లలో కన్ను, కిడ్నీ లాంటి చిన్న రక్తనాళాల దెబ్బలు నాలుగో వంతు తగ్గాయి. ఒకచోట కొత్త రోగులు, ఇంకోచోట పాత రోగులు. మళ్లీ డాక్టరమ్మ ప్రశ్న దగ్గరికే వచ్చాం.

కొలతల గురించి రెండు ముక్కలు. బ్రిటన్, యూరప్ పేపర్లలో షుగర్ 7, 10, 11 అని ఉంటే కంగారుపడకండి, వాళ్ల లెక్క వేరు, 18తో గుణిస్తే మన ల్యాబు అంకె వస్తుంది. వాళ్ల 7 మన 126. పరగడుపున షుగర్ జబ్బు హద్దు అదే. మూడు నెలల సగటు పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, రక్తంలోని హిమోగ్లోబిన్ మీద ఆధారపడుతుంది, ఇనుము తక్కువై రక్తం తగ్గినవాళ్లలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఉందో తెలుసు కదా, అందుకే మెథడ్స్‌లో రక్తహీనత ఉన్నవాళ్లని ఏం చేశారో చూస్తాను. కొలత గట్టిగా లేకపోతే మిగతాదంతా గాలిమేడ. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఒంట్లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, ఆ కొలత చేతికొచ్చాకే కండ శక్తిని ఎలా దాచుకుని ఎలా ఖర్చుపెడుతుందో ఆయన చూపించగలిగారు. జీవక్రియ మీద పేపరు చదివిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు.

థైరాయిడ్, ఇతర హార్మోన్ల పేపర్లకీ ఇదే పద్ధతి. ఒక్కటే అదనం: జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లలో కొన్ని థైరాయిడ్ పరీక్షలు తప్పు చూపిస్తాయి, పరీక్షకి ముందే ల్యాబులో ఆ సంగతి చెప్పండి.

డబ్బు ఎవరు పెట్టారన్నది పేపరు చివర్లో ఉంటుంది. మందుల కంపెనీ పెడితే అబద్ధమని అర్థం కాదు, పెద్ద ట్రయల్స్‌కి డబ్బు అక్కడినుంచే ఎక్కువ వస్తుంది. కానీ ఆ మందుని దేనితో పోల్చారో ఇంకాస్త గట్టిగా చూడండి. మన దేశంలో ట్రయల్ అయితే సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో, అంటే ట్రయల్స్ వివరాలు నమోదు చేసే చోట, నంబరు ఉంటుంది, అది 2007లో మొదలైంది, అందులో వెతికితే మొదట ఏం కొలుస్తామని చెప్పారో కనిపిస్తుంది. చివరికి పేపర్లో ఇంకేదో కొలిచి గెలిచామంటే అనుమానించాల్సిందే. పేపర్ని జర్నల్ వెనక్కి తీసుకుని ఉంటే పబ్‌మెడ్ పేజీ మీదే రాసి ఉంటుంది, అది ముందే చూసుకోండి.

చదివింది డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం కూడా ఒక పనే. కేజీహెచ్ ఓపీ అయినా ప్రైవేటు క్లినిక్ అయినా మనకి దొరికేది కొద్ది నిమిషాలు, ఇరవై పేజీల ప్రింటు టేబుల్ మీద పెడితే ఎవరికైనా విసుగే. ఒక కాగితం మీద పేపరు పేరు, సంవత్సరం, అందులో ఎలాంటివాళ్లున్నారో ఒక లైను, మీ వయసు, షుగర్ వచ్చి ఎన్నేళ్లు, నడుము కొలత, వాడే మాత్రలు, కింద ఒకే ఒక్క ప్రశ్న. "ఇది నాకు వర్తిస్తుందా" అనే కంటే "నా మాత్రల్లో దేనికైనా దీనితో సంబంధం ఉందా" అని అడిగితే జవాబు తిన్నగా వస్తుంది. పాత రిపోర్టులు తారీఖు వరసలో పెట్టుకోండి. డాక్టరు చెప్పేదాకా మాత్ర మాత్రం ముట్టుకోవద్దు, తగ్గించొద్దు, పెంచొద్దు.

నాన్న ఇప్పుడు బీచ్ రోడ్డు నడకలో ఎవరైనా ఫార్వర్డ్ చూపిస్తే "ఎంతమంది మీద చేశారు, వాళ్ల వయసెంత" అని అడుగుతున్నారు. 13 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నారు, అది కొందరిలో బీ12 తగ్గిస్తుందని ఈమధ్యే చదివారు, ఆయనకి అరికాళ్లు తిమ్మిర్లు కూడా ఉన్నాయి. వచ్చే గురువారం ఓపీకి తీసుకెళ్లాల్సిన కాగితం మీద నిన్న రాత్రి ఆయనే కూర్చుని ఆ ఒక్క ప్రశ్న రాసుకున్నారు.